కదిలే కళ్లున్న ఇంజన్లు

థామస్ అనే ఈ చిన్న నీలం ఇంజన్ పట్టాల మీద కదలగానే ఎవరి చూపైనా ముందు దాని మొహం మీదికే పోతుంది. బాయిలర్ ముందు బూడిదరంగు గుండ్రటి మొహం, అందులో రెండు కళ్లు. రైలు సాగుతున్నంతసేపూ ఆ కనుగుడ్లు ఎడమకూ కుడికీ తిరుగుతూనే ఉంటాయి. వాటికి విడిగా మోటారు లేదు, బ్యాటరీ లేదు. చక్రాలను తిప్పే శక్తిలోంచే కాస్త కదలిక తీసుకుని కళ్లు తిరుగుతాయి, బండి ఆగితే అవీ ఆగిపోతాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియా కేంద్రంగా పనిచేసే బాక్‌మన్ సంస్థ 2002లో పిల్లల కథల్లోని ‘థామస్ అండ్ ఫ్రెండ్స్’ ఇంజన్లను విద్యుత్తుతో నడిచే మోడళ్లుగా తేవడం మొదలుపెట్టింది. అప్పట్నుంచీ కొత్త ఇంజన్ ప్రకటన కోసం ఎదురుచూసే సేకర్తలు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది పెద్దవాళ్లు. ప్రకటన వచ్చాక బొమ్మ చేతికందేదాకా ఏడాది పట్టవచ్చు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. ఇంతకాలం వాళ్లు దేనికోసం చూస్తున్నారో తెలియాలంటే ఆ బొమ్మ ఎలా తయారవుతుందో తెలియాలి.

అసలు థామస్ పుట్టుక వెనక ఉన్నది కూడా మోడల్ తయారీలో ఎదురైన ఒక కష్టమే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లో విల్బర్ట్ ఆడ్రీ అనే మతగురువు, తట్టు సోకి మంచం పట్టిన కొడుకు క్రిస్టఫర్‌కు ఇంజన్ల కథలు చెప్పాడు. అవే 1945లో మొదటి పుస్తకంగా వచ్చాయి. కొడుకు కోసం చీపురుకర్ర ముక్కలూ, పారేసిన చెక్కలూ పోగుచేసి ఎడ్వర్డ్ అనే ఇంజన్ బొమ్మ చేసిచ్చాడు. పిల్లవాడు గోర్డన్ కూడా కావాలన్నాడు. గోర్డన్ పెద్ద ఎక్స్‌ప్రెస్ ఇంజన్, ఆ సామగ్రితో దాన్ని చేయడం కష్టం. దాని బదులు ఆడ్రీ ఆరు చక్రాల చిన్న ట్యాంక్ ఇంజన్ చేసి ఇచ్చాడు. దానికి పెట్టిన పేరే థామస్. ఆ బొమ్మకు కథలు కావాలని క్రిస్టఫర్ పట్టుబట్టడంతో 1946లో రెండో పుస్తకం వచ్చింది.

ఆడ్రీ ఇంట్లో మోడల్ రైలు మార్గం వేసుకుని, దాన్ని ప్రదర్శనలకు తీసుకెళ్లి జనానికి నడిపి చూపించిన మనిషి. అందుకే ఆయన కథల్లోని ఇంజన్లు చాలావరకు ఏదో ఒక నిజమైన ఇంజన్‌ను పోలి ఉంటాయి. థామస్ ఆకారం లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేకి చెందిన ఈ2 తరగతి నుంచి వచ్చింది. 1913–16 మధ్య అలాంటివి పది తయారయ్యాయి. 1960ల మొదట్లో అన్నీ తుక్కు కిందికి పోయాయి, ఒక్కటీ మిగల్లేదు. టోబీ గ్రేట్ ఈస్టర్న్ రైల్వే వారి ట్రామ్ ఇంజన్. డక్ గ్రేట్ వెస్టర్న్ వారి పానియర్ ట్యాంక్. డోనాల్డ్, డగ్లస్ కవలలు స్కాట్లండ్‌లోని కలెడోనియన్ రైల్వే ఇంజన్లు. చిత్రకారుడు ఇంజన్‌ను తప్పుగా గీస్తే ఆడ్రీ ఊరుకునేవాడు కాదు. ఆ పట్టుదల వల్లే ఇవాళ మోడల్ చేసేవాడికి చాలా పాత్రలకు చక్రం వ్యాసం నుంచి చిమ్నీ ఎత్తు దాకా సరిచూసుకోవడానికి ఒక అసలు యంత్రం ఉంది.

చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. థామస్ మోడల్ ఒకేసారి రెండిటికి కట్టుబడాలి. ఒకటి ఈ2 కొలత, రెండోది పిల్లలకు తెలిసిన మొహం. 1984లో మొదలైన టెలివిజన్ ధారావాహికలో వాడినవి నిజమైన మోడళ్లే. 45 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టాల మీద వాటిని నడిపి చాలావరకు షెపర్టన్ స్టూడియోలో చిత్రీకరించారు. కోపం, సంతోషం, ఆశ్చర్యం ఇలా ఒక్కో భావానికి ఒక్కో మొహం విడిగా చేసి మార్చి తగిలించేవారు. కళ్లను మాత్రం రేడియో రిమోట్‌తో తిప్పేవారు. మొహం బిగుసుకుని ఉన్నా కళ్లు కదిలితే చాలు, ఇంజన్ ఆలోచిస్తున్నట్టు కనిపిస్తుందని ఆ సాంకేతిక నిపుణులు కనిపెట్టారు. బాక్‌మన్ మోడల్‌లో కళ్లు కదలడానికి మూలం ఇదే. అయితే స్టూడియోలో రిమోట్ పట్టుకుని ఒక మనిషి చేసిన పనిని ఇక్కడ గేర్లు చేయాలి, అది కూడా బొటనవేలంత లావున్న బాయిలర్‌లో ఇమిడి.

ఆ ఇరుకులో ఏమేం పట్టాలో చూడండి. మోటారుకు కావలసిన 12 వోల్టుల విద్యుత్తు పట్టాల నుంచే వస్తుంది. ఒక పట్టా ధనాగ్రం, రెండోది రుణాగ్రం. ఎడమ చక్రాలకూ కుడి చక్రాలకూ మధ్య ఇరుసు దగ్గర విద్యుత్తు దాటకుండా అడ్డు ఉంటుంది. చక్రాల వెనక వైపు పలచటి లోహపు రేకులు రాసుకుంటూ కరెంటును మోటారుకు అందిస్తాయి. మోటారు ఇరుసు చివర మరమేకులా మెలి తిరిగిన వర్మ్ ఉంటుంది. దాని కింద పళ్లచక్రం. వర్మ్ ఒక చుట్టు తిరిగితే పళ్లచక్రం ఒక్క పన్ను మేరే కదులుతుంది. పళ్లచక్రానికి 30 పళ్లుంటే మోటారు 30 చుట్లు తిరిగినప్పుడు గాని చక్రం ఒక్క చుట్టు తిరగదు. మోటారు వేగం ఇలా తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. దీనికి ఇంకో గుణం కూడా ఉంది. వర్మ్ పళ్లచక్రాన్ని తిప్పగలదు గాని పళ్లచక్రం వర్మ్‌ను తిప్పలేదు. అందుకే ఈ ఇంజన్‌ను పట్టాల మీద పెట్టి చేత్తో తోస్తే చక్రాలు తిరగకుండా జారుతాయి. బలంగా తోస్తే పళ్లు అరుగుతాయి. నేల మీద తోసి ఆడుకునే బొమ్మకూ దీనికీ ఉన్న తేడా అంతా ఆ పళ్లచక్రం దగ్గరే ఉంది.

ఇక కళ్ల సంగతి. ఈ2 అసలు చక్రం వ్యాసం నాలుగు అడుగుల ఆరు అంగుళాలు. అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన మోడల్‌లో అది 18 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 56 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. బల్ల మీద సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో నడిపితే చక్రాలు సెకనుకు మూడున్నర చుట్లు తిరుగుతాయి. కళ్లను నేరుగా ఆ ఇరుసుకే తగిలిస్తే సెకనుకు మూడుసార్లకు పైగా అటూ ఇటూ కొట్టుకుంటాయి, థామస్ చూపు పిచ్చిచూపులా ఉంటుంది. చూపు నెమ్మదిగా కదలాలి. అందుకు తిరిగే కదలికను ముందు మందగింపజేసి, ఆ తర్వాత అటూ ఇటూ ఊగే కదలికగా మార్చాలి. అటువంటి మార్పుకు యంత్రకారులు తరతరాలుగా వాడుతున్నది కేంద్రం తప్పిన చక్రం. అది తిరిగినకొద్దీ దానికి ఆనుకున్న మీట ఒకసారి ఇటు, ఒకసారి అటు వాలుతుంది. రెండు కనుగుడ్లూ కలిసి తిరగాలి, లేకపోతే మెల్లకన్ను పడుతుంది. ఇదంతా చేసి కూడా ఆ అదనపు రాపిడి వల్ల బండి పరుగు తడబడకూడదు. వంపుల్లోనూ, తక్కువ వేగంలోనూ కళ్లు ఒక చివరి నుంచి వెనక్కి మళ్లే క్షణంలో ఇంజన్ తుళ్లిపడకుండా సాఫీగా సాగితే ఆ పొందిక బాగా కుదిరినట్టు. నేనైతే ఇంజన్‌ను మొదట అతి తక్కువ వేగంలో నడిపి ఈ ఒక్క విషయమే చూస్తాను.

మొహం తయారీలోనూ ఇంతే జాగ్రత్త కనిపిస్తుంది. కళ్ల దగ్గర రంధ్రాలు వదిలి, కనుగుడ్లు వెనక నుంచి కనిపించేలా అమర్చాలి. రెప్ప అంచు మందంగా ఉంటే కన్ను గుంటలో పడ్డట్టు కనిపిస్తుంది. మరీ పలచగా ఉంటే అచ్చులో ప్లాస్టిక్ అక్కడిదాకా పారదు. కనుగుడ్డుకూ రెప్పకూ మధ్య సందు వెంట్రుకవాసి మించితే లోపలి చీకటి కనిపిస్తుంది. సందు లేకపోతే కన్ను పట్టేస్తుంది. మొహం పెద్దవాళ్లకు ఎంత సరదాగా అనిపించినా ఇంజన్ మొత్తంలో కొలతకు అన్నిటికన్నా కఠినమైన భాగం అదే.

పక్కల కనిపించే కడ్డీలకూ ఒక శాస్త్రముంది. థామస్ సిలిండర్లు లోపల, చట్రం నడుమ ఉంటాయి. కాబట్టి బయట కనిపించేవి మూడు చక్రాలనూ కలిపే జోడు కడ్డీలు మాత్రమే. ఒక వైపు కడ్డీ పైన ఉన్నప్పుడు రెండో వైపు కడ్డీ ముందుకో వెనక్కో ఉంటుంది. అంటే రెండు వైపులకూ మధ్య పావు చుట్టు తేడా. అసలు ఇంజన్లలో ఇది లేకపోతే రెండు వైపుల పిస్టన్లూ ఒకేసారి చివరికి చేరి, చక్రాన్ని తిప్పే బలం లేని చోట ఇంజన్ ఇరుక్కుపోతుంది. మోడల్‌లో పిస్టన్లు లేకపోయినా ఆ పావు చుట్టును అలాగే ఉంచారు. ఎందుకంటే అది తప్పితే కడ్డీలు ఇంజన్ కడ్డీల్లా కదలవు. గోర్డన్, హెన్రీ దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. వాటికి సిలిండర్లు బయటే ఉన్నాయి. పిస్టన్ కడ్డీ, దాన్ని చక్రానికి కలిపే పొడవాటి కడ్డీ, ఆవిరిని ఎప్పుడు లోనికి వదలాలో నిర్ణయించే వాల్వ్ కడ్డీలు, ఇవన్నీ బయటికి కనిపిస్తూ కదలాలి. 1940ల్లో ఆడ్రీని ఆపిన కష్టం ఇదే జాతిది. పెర్సీ అనే పొట్టి ఇంజన్ కష్టం ఇంకో రకం. నాలుగే చక్రాలు, అంటే పట్టాలను తాకే చోట్లూ నాలుగే. ఒక చక్రం కింద దుమ్ము చేరినా కరెంటు తెగి బండి నిలిచిపోయే ప్రమాదం ఉంది. అందుకని పొట్టి ఇంజన్‌కే బరువు, చక్రాల అమరిక ఇంకా శ్రద్ధగా చూసుకోవాలి.

బాడీ విషయానికొద్దాం. కంప్యూటర్లో గీసిన ఆకారాన్ని ఉక్కు దిమ్మల్లో తిరగేసి చెక్కితే అచ్చు అవుతుంది. దిమ్మలు మూసి, కరిగిన ప్లాస్టిక్‌ను గట్టి ఒత్తిడితో లోపలికి ఎక్కిస్తారు. చల్లారాక దిమ్మలు తెరిచి, చిన్న పిన్నులతో ముక్కను బయటికి నెడతారు. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ నూటికి సుమారు అర పాలు కుంచించుకుపోతుంది కాబట్టి అచ్చును ముందే ఆ మేరకు పెద్దగా చెక్కాలి. ముక్క తేలిగ్గా ఊడి రావడానికి గోడలకు కంటికి ఆనని వాలు పెట్టాలి. దిమ్మలు కలిసే చోట సన్నటి గీత పడుతుంది. ఆ గీతను ఎక్కడ పడనిచ్చారన్నది చూస్తే పనివాడి తెలివి తెలుస్తుంది. ట్యాంకు మూలల అంచు వెంబడి పోతే అది ఎవరికీ కనపడదు. బాయిలర్ నెత్తి మీద నడుమ పడితే ఎంత రంగు వేసినా బయటపడుతుంది.

ఉక్కు అచ్చుకు ఒక నియమముంది, నాకు అందులో చాలా ముందుచూపు కనిపిస్తుంది. ఉక్కును ఇంకాస్త చెక్కి తీసేయడం సులువు, తీసేసిన చోట మళ్లీ లోహం చేర్చడం కష్టం. అచ్చులో ఎక్కడ లోహం ఎక్కువుంటే అక్కడ బొమ్మలో ప్లాస్టిక్ తక్కువుంటుంది. అందుకే అనుమానమున్న చోట మొదట ప్లాస్టిక్ కొంచెం తక్కువ వచ్చేలా చెక్కి, నమూనా తీసి చూసి, అవసరమైతే అచ్చును ఇంకాస్త తొలుస్తారు. కాబట్టి మొదటి నమూనాలో చెంప కాస్త పీక్కుపోయినట్టున్నా, ముక్కు పలచగా ఉన్నా అది తప్పని కొట్టిపారేయలేం. దిద్దడానికి వదిలిన చోటు అయ్యుండవచ్చు.

సేకర్తలు ఎదురుచూసే ఫోటో ఈ మొదటి నమూనాదే. రంగు లేని ప్లాస్టిక్, ఒక్కోసారి కళ్లకు నల్లబొట్లు కూడా ఉండవు. కొత్తవాళ్లకు అందులో ఏమీ తోచదు. అలవాటైన కంటికి మాత్రం సగం కథ అక్కడే తెలుస్తుంది. చక్రాల మధ్య దూరం అసలు ఇంజన్‌కు సరిపోయిందా, లేక ముందే ఉన్న ఇంకో చట్రం మీద కొత్త బాడీ కూర్చోబెట్టారా? బాయిలర్ కింద నుంచి వెలుతురు కనిపిస్తోందా, లేక మోటారు కోసం ఆ ఖాళీని మూసేశారా? పట్టుకమ్మీలు విడి తీగలా, బాడీలో కలిపి పోసిన గట్లా? మొహం ఏ కాలపు థామస్‌ది? ధారావాహిక 2009 నాటికి కంప్యూటర్ యానిమేషన్లోకి మారింది. 2021లో వచ్చిన కొత్త రూపంలో ఇంజన్లు పొట్టిగా, సరళమైన గీతల్లో ఉంటాయి. మోడళ్లు సేకరించేవాళ్లు ప్రాణంగా చూసుకునేది పాత ఇంజన్ ఆకారాన్నే. ఆ నమూనాలో వాళ్లు వెతికేది ఆ ఆకారం నిలిచిందా లేదా అనే.

తర్వాత ఏ ఇంజన్ రావచ్చో ఊహించడంలోనూ లెక్క ఉంది. కొత్త అచ్చులు చెక్కించడం ఖరీదైన పని, ఆ ఖర్చు అమ్మకాల్లోనే తిరిగి రావాలి. అచ్చు ఒకటైతే దాని నుంచి ఎన్ని పాత్రలు వస్తాయన్నది అందుకే మొదటి ప్రశ్న. డోనాల్డ్‌కు, డగ్లస్‌కు శరీరం ఒకటే, అంకె, పేరు, మొహమే తేడా. బిల్, బెన్ కవలలూ అంతే. థామస్ లాక్కెళ్లే ఆనీ, క్లారాబెల్ పెట్టెలూ ఈ సూత్రానికే నిదర్శనం. బ్రిటన్‌కు చెందిన హార్న్‌బీ అంతకు చాలా ముందే ఈ దారిలో నడిచింది. తన దగ్గర అప్పటికే ఉన్న ఈ2 ఇంజన్ అచ్చునే దిద్ది 1980ల్లో థామస్‌ను తెచ్చింది. అందువల్ల సేకర్త కోరికల జాబితా రాసుకునేటప్పుడు పక్కనే చక్రాల అమరికలు కూడా రాసుకుంటాడు. ఏ చట్రం కిందికి ఏ పాత్ర సరిపోతుంది, ఏ పాత్రకు కవల ఉంది, ఏ ఇంజన్‌కు తోడుగా ఒక పెట్టె కూడా అమ్మవచ్చు అని లెక్కవేస్తాడు. ఆలివర్ ఇంజన్ వస్తే టోడ్ అనే బ్రేక్ వ్యాను వస్తుందని ఆశపడటంలో కథ తెలిసినతనం, వ్యాపారం తెలిసినతనం రెండూ ఉన్నాయి. ఆలివర్, టోడ్ రెండూ బాక్‌మన్ వరుసలో చేరాయి కూడా.

రంగు వేసే పని గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. థామస్ ట్యాంకు మీద పసుపుపచ్చ ‘1’ అంకె, దాని చుట్టూ సన్నటి ఎర్ర అంచు. ఎక్కువగా ఇలాంటివి వేసే పద్ధతి ఇది. ఒక లోహపు పలకలో ఆ ఆకారాన్ని వెంట్రుకంత లోతున తొలిచి, సిరా నింపి, పైపైన గీకేస్తారు. మెత్తటి సిలికాన్ ముద్దను దాని మీద నొక్కితే, ఆ సిరా అదే ఆకారంలో దానికి అంటుకుంటుంది. ఆ ముద్దను తీసుకెళ్లి బొమ్మ మీద నొక్కితే, మెత్తదనం వల్ల వంపు తిరిగిన చోట కూడా ఆకారం చెదరకుండా పడుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో పలక, ఒక్కో నొక్కు. పసుపు పడ్డాక ఎరుపు దాని చుట్టూ సరిగ్గా కూర్చోవాలి. పావు మిల్లీమీటరు జరిగినా అంకెకు ఒక వైపు అంచు లావుగా, రెండో వైపు మాయమైనట్టు కనిపిస్తుంది. బాయిలర్ చుట్టూ ఉండే పట్టీలు ఒక నొక్కుతో పూర్తికావు, బొమ్మను తిప్పి తిప్పి వేయాలి. అతుకు ఎక్కడుందో వెతికి దొరక్కపోతే ఆ పనివాళ్లకు మనసులోనే దండం పెట్టాలనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ మామూలు గేజు ఇంజన్లు. నా దృష్టిలో ఈ వరుసలో అన్నిటికన్నా చక్కని పని సన్నగేజు ఇంజన్లలో, స్కార్లోయ్, రెనియస్‌లలో ఉంది. ఆ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే గేజుల లెక్క కొంచెం చూడాలి. అమెరికా, ఐరోపాల్లో చెల్లే హెచ్ఓ కొలతలో అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు, పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. బ్రిటిష్ ఇంజన్లు అసలే చిన్నవి. ఆ కొలతలో చేస్తే అప్పటి మోటార్లు లోపల పట్టలేదు. దాంతో బ్రిటన్ వాళ్లు పట్టాలను అలాగే ఉంచి, బాడీని మాత్రం అడుగుకు 4 మిల్లీమీటర్లకు పెంచారు. అదే ఓఓ కొలత. ఆ లెక్కన పట్టాల ఎడం దాదాపు 18.8 మిల్లీమీటర్లు ఉండాలి, కాని 16.5 దగ్గరే ఉండిపోయింది. బాక్‌మన్ థామస్ పెట్టె మీద హెచ్ఓ అని ఉన్నా బాడీ ఓఓ కొలతకు దగ్గరగా ఉంటుంది. అంటే థామస్ తనకు రావలసిన దానికన్నా ఇరుకైన పట్టాల మీద నడుస్తున్నాడు.

ఇప్పుడు స్కార్లోయ్‌ని చూడండి. వేల్స్‌లోని టాలిథ్లిన్ రైల్వే ఈ పాత్రలకు మూలం. పట్టాల వెడల్పు రెండు అడుగుల మూడు అంగుళాలు. మూతపడబోయిన ఆ రైలు మార్గాన్ని 1951లో స్వచ్ఛంద కార్యకర్తలు చేతిలోకి తీసుకుని నడిపారు. ప్రపంచంలో అలా కాపాడిన మొదటి రైల్వే అదే. మరుసటి ఏడాది ఆడ్రీ కూడా అక్కడికి వెళ్లి పనిచేశాడు. ఆ అనుభవంలోంచి 1955 నాటి పుస్తకంలో స్కార్లోయ్, రెనియస్ పుట్టాయి. అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన రెండు అడుగుల మూడు అంగుళాలంటే సరిగ్గా 9 మిల్లీమీటర్లు. ఎన్ గేజు చిన్న రైళ్ల కోసం లోకమంతటా దొరికే పట్టాల ఎడం కూడా 9 మిల్లీమీటర్లే. బాక్‌మన్ ఈ ఇంజన్లకు వాడింది ఆ ఎడమే. మామూలు గేజు థామస్‌కు దక్కని ఖచ్చితత్వం, ఓఓ కొలత పట్టుకుని చూస్తే, ఈ బుల్లి ఇంజన్‌కు అంకెతో సహా దక్కింది.

దక్కినంత మాత్రాన పని తేలిక కాలేదు. 9 మిల్లీమీటర్ల పట్టాల మీద చక్రాల లోపలి ఎడం సుమారు ఏడున్నర మిల్లీమీటర్లే. పళ్లచక్రం, ఇరుసులను మోసే చట్రం, కరెంటు రేకులు అన్నీ ఆ సందులోనే ఇమడాలి. పైన జీను ఆకారపు నీళ్ల తొట్టి కింద చిన్న మోటారు. మిగిలిన ప్రతి మూలకూ బరువు కావాలి, లేకపోతే చక్రం జారుతుంది. వెనక చిన్న చక్రాల జత ఒకటుంది చూశారా, దానికో చరిత్ర ఉంది. 1864లో ఫ్లెచర్ జెన్నింగ్స్ కంపెనీ స్కార్లోయ్‌కు మూలమైన టాలిథ్లిన్ ఇంజన్‌ను నాలుగు చక్రాలతోనే చేసింది. వెనక భాగం మరీ వేలాడి, పరుగులో ఎగిరెగిరి పడేది. కొన్నాళ్లకు వెనక ఒక జత చక్రాలు చేర్చి ఆ కుదుపు తగ్గించారు. ఆడ్రీ ఆ సంగతిని స్కార్లోయ్ చిన్ననాటి కథగా రాశాడు. మోడల్‌లో ఆ రెండు చక్రాలకు మోటారు కదలిక అక్కర్లేదు. అయినా వంపుల్లో పట్టా తప్పకుండా పక్కకు జరిగే వీలు కల్పించి తీరాలి. ఒక ఇంజనీరు దిద్దుబాటు, ఒక రచయిత కథ, ఒక మోడల్ తయారీదారు నేర్పు ఆ ఒక్క జత చక్రాల్లో కలిసి కనిపిస్తాయి. రెనియస్‌కు మూలం డోల్గోఖ్, 1866 నాటిది. దానికి నాలుగే చక్రాలు, కాని వాటి మధ్య దూరం ఎక్కువ. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే కంపెనీ రెండేళ్ల తేడాలో ఒకే కుదుపుకు రెండు జవాబులు వెతికినట్టు అనిపిస్తుంది.

మన దేశం నుంచి కూడా ఈ కథల్లోకి ఒక ఇంజన్ వెళ్లింది. 2016లో వచ్చిన ‘ద గ్రేట్ రేస్’ చిత్రంలోని అషీమాకు మూలం నీలగిరి కొండ రైల్వేలో నడిచే ఎక్స్ తరగతి ఇంజన్. దాన్ని కదిలే మోడల్‌గా చేయాలంటే ఏం కావాలో ఊహించడమే ఒక ఆనందం. ఎక్స్ తరగతికి నాలుగు సిలిండర్లు. కింది జత మామూలు చక్రాలను తిప్పుతుంది. ఆ ఆవిరినే మళ్లీ వాడుకునే పై జత, పట్టాల నడుమ ఉండే పళ్లకడ్డీని పట్టి ఎక్కే పళ్లచక్రాలను తిప్పుతుంది. ఒకదాని మీద ఒకటిగా రెండు సిలిండర్లు, రెండు వరసల కడ్డీలు బయటికే కనిపిస్తాయి. పైగా ఒళ్లంతా రంగురంగుల అలంకారం, ఒక్కో రంగుకు ఒక్కో పలక. గోర్డన్ కడ్డీలు కష్టమనుకున్నవాళ్లకు ఇది రెండింతల పరీక్ష. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఆ ఇంజన్ల పని చూసిన ఎవరైనా ఆ రెండు వరసలూ వేరు వేరుగా కదలాలనే కోరుకుంటారు. ఒకే ముద్దగా పోసి ఊరుకుంటే తృప్తిపడరు.

ఎదురుచూపు ఇంత దీర్ఘమైనది కావడానికి కారణం ఇప్పుడు విడిగా చెప్పనక్కర్లేదు. గీత, నమూనా, అచ్చు, దిద్దుబాటు, రంగు నమూనా, పాత్రల హక్కులున్న మాటెల్ ఆమోదం, చైనాలో ఉత్పత్తి, ఓడ ప్రయాణం, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరగాలి. తేదీ వెనక్కి జరిగిందని విసుక్కోవడం సహజమే. అయితే కళ్లు తుళ్లకుండా తిరగడానికి ఒక మీటను మళ్లీ చెక్కడం వల్ల ఆలస్యమైందంటే ఆ ఆలస్యం న్యాయమైనదే అంటాను.

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో మనవడి కోసం ఈ సెట్టు పంపిస్తామంటే రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. అక్కడ అమ్మే సెట్లతో వచ్చే పవర్ ప్యాక్ 120 వోల్టులకు చేసింది. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది, ప్రమాదం కూడా. 230 వోల్టులకు సరిపోయే, 12 వోల్టుల డీసీ ఇచ్చే మోడల్ రైలు కంట్రోలరు వేరే కొనుక్కోండి. పట్టాలను మెత్తటి పొడి గుడ్డతో తరచూ తుడవండి. ఇరుసులకు ప్లాస్టిక్‌ను పాడుచేయని సన్నటి నూనె సూదిమొనంత పెడితే చాలు. చిన్నపిల్లలు చేత్తో తోయకుండా చూసుకోండి. ఆ మాత్రం శ్రద్ధ పెడితే ఈ ఇంజన్లు ఏళ్ల తరబడి నడుస్తాయి.